కంప్యూటరు ముందు కూర్చొనేవారి మెడ, భుజాల నొప్పి – సంఘం చూడవలసిన సంగతులు

దున్నే ఎద్దుకు కాడి ఒరుసుకొని మెడమీద వాపు లేచిందనుకోండి. మనం ముందుగా చూసేది కాడినే. గరుకుగా వున్నదా, పలుపు బిగుసుకొన్నదా, జత ఎద్దు పొట్టిదై బరువంతా దీని మీదికే వస్తున్నదా అని పరిశీలిస్తాం. కాడిని చెక్కి నున్నగా చేస్తాం. నాలుగు రోజులు ఎద్దుకు విశ్రాంతి యిస్తాం. ఒంగోలు గిత్తలను పెంచిన జిల్లా వాళ్ళం, ఈ సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అదే మన పాలకేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చొనే మనిషి "మెడ పట్టేసింది, భుజాలు లాగుతున్నాయి" అంటే మాత్రం మనకు కాడి గుర్తుకు రాదు. "నీడపట్టున కూర్చొని మీటలు నొక్కే పనికి నొప్పేమిటి?" అంటాం. ఎండలో కంది చేను కోసి వచ్చేవారికి అలా అనిపించడం సహజమే. నేనూ చాలా కాలం అలాగే అనుకొన్నాను. ఒక సంఘంలో జరిగిన సంగతి చూసిన తర్వాత అభిప్రాయం మార్చుకొన్నాను. అందులో తప్పు కొంత నాదే కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

పొదిలికీ మార్కాపురానికీ మధ్య, కొనకనమిట్ల మండలంలోని ఒక వూరి సంఘం అది. పాత రోజుల్లో అక్కడ పాల పరీక్ష గెర్బర్ పద్ధతిలో జరిగేది. స్విట్జర్లాండు దేశస్థుడు నిక్లాస్ గెర్బర్ పందొమ్మిదో శతాబ్దం చివరలో కనిపెట్టిన పద్ధతి. బ్యుటిరోమీటరులో గంధకామ్లం పోసి, పాలు పోసి, అమైల్ ఆల్కహాలు కలిపి, బిరడా బిగించి, సెంట్రిఫ్యూజులో పెట్టి తిప్పేవారు. ఆ పిడి తిప్పిన పాత టెస్టర్లకు ఇప్పటికీ ఆ రెక్క నొప్పి జ్ఞాపకం వుంటుంది. కాని ఆ పనిలో ఒక మేలు వుండేది. మనిషి నిలబడేవాడు, వంగేవాడు, తిరిగేవాడు, చెయ్యి ఆడేది. ఒళ్ళు ఒకచోట బిగుసుకొని వుండేది కాదు.

1990ల దశకంలో గుజరాత్‌లోని ఖేడా జిల్లా సంఘాలలో కంప్యూటరుతో పాల సేకరణ మొదలై, తర్వాత మిగతా రాష్ట్రాలకు వ్యాపించింది. మా సంఘానికీ యంత్రాలు వచ్చాయి. తూకం కాటా, వెన్న శాతం చెప్పే అనలైజరు, కంప్యూటరు, చీటీ ముద్రించే ప్రింటరు. వాటిని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, గదిలో గట్టిగా వున్నది పాత పరీక్ష బల్ల ఒక్కటే కాబట్టి దానిమీదనే పెట్టించాను. నిలబడి బ్యుటిరోమీటర్లు ఆడించడానికి చేయించిన బల్ల అది. ఎత్తు మూడడుగులు. కూర్చోవడానికి అడుగున్నర ఎత్తు స్టూలు. అనలైజరుకు గొట్టాలు, నీళ్ళ పాత్ర వున్నాయి కాబట్టి మధ్య స్థలం దానికిచ్చాం. కంప్యూటరు తెరను ఎడమ మూలకు నెట్టాం. కాటా కుడివైపున కిటికీ దగ్గర. గది చక్కగా సర్దినట్లే కనిపించింది. నేను సంతృప్తితో తిరిగి వచ్చాను.

పని చూసేది ఆ వూరి కోడలే. ఇంటర్ చదివిన అమ్మాయి, పనిలో చురుకు. ఏడాది తిరిగేసరికి ఆమె కుడి భుజం పైకెత్తుకొని కూర్చొనేది. సాయంత్రం పాలు పూర్తయ్యేసరికి మెడ వెనక నుంచి తలనొప్పి పట్టుకొనేది. ఒకనాడు 87కు బదులు 78 కొట్టింది. ఒకరి పాలు ఇంకొకరి ఖాతాలో పడ్డాయి. బిల్లు వచ్చిన రోజున గొడవ అయింది. రెండోసారి అలాగే జరిగినప్పుడు ఒక పెద్దాయన "అమ్మాయ్, నీకు చూపు ఆనకపోతే చెప్పు, ఇంకొకరిని పెట్టుకుంటాం" అన్నాడు. ఆమె చూపుకు లోపం లేదు. "చూపు కాదు పెదనాయనా, మెడ తిరగటంలేదు" అన్నదట. నేను వెళ్ళేసరికి రాజీనామా రాసి సిద్ధంగా పెట్టుకొన్నది. ఆ యంత్రం నడపడం వూళ్ళో ఇంకెవరికీ రాదు.

ఇప్పుడు ఆ మెడకు ఏమైందో చూద్దాం.

మెడ నుంచి భుజం మీదుగా వీపు దాకా పరచుకొన్న పెద్ద కండరం ఒకటి వుంది. వైద్యులు ట్రెపీజియస్ అంటారు. భుజాన్ని పైకెత్తేది, తలను నిలిపి వుంచేది చాలావరకు అదే. బల్ల ఎత్తుగా వుండి సీటు పల్లంగా వుంటే, చేతులు మీటలను అందుకోవాలంటే భుజాలు చెవుల వైపుకు లేవాలి. అవి లేచినంతసేపూ ఆ కండరం బిగిసే వుంటుంది. బరువు తక్కువే. కాని విడుపు లేదు. కండరం బిగిసి సడలినప్పుడే దానిలోకి రక్తం బాగా ప్రవహిస్తుంది. పాలు పితికేటప్పుడు గమనించండి. చన్ను పట్టి వదిలితేనే మళ్ళీ పాలు దిగుతాయి. పట్టినది పట్టినట్లే వుంచితే దిగవు. కండరానికి రక్తం సంగతీ కొంత అలాంటిదే.

స్వీడన్ దేశపు పరిశోధకుడు హాగ్ 1991లో దీనికి ఒక వివరణ యిచ్చాడు. కండరంలో వేలకొద్దీ పోగులు వుంటాయి. చిన్న పనికి అన్నీ లేవవు. ఎప్పుడూ కొన్ని చిన్న పోగులే ముందుగా పనిలోకి దిగుతాయి, అవే అందరికంటె చివర విశ్రమిస్తాయి. పెళ్ళింట్లో అందరికంటె ముందు లేచి అందరూ పడుకొన్నాక పడుకొనే ఇల్లాలి వంటివి. పని తేలికగా వున్నా అలిసేవి అవే, దెబ్బ తినేవీ అవే. అందువల్లనే బస్తా మోసిన మనిషికి రాని నొప్పి మీటలు నొక్కిన మనిషికి వస్తుంది. బస్తా దించుతాడు. భుజాలు దించరు.

దీనికి తల బరువు తోడవుతుంది. మనిషి తల సుమారు నాలుగున్నర, అయిదు కిలోలు. అంటే అయిదు లీటర్ల పాలంత. అంత పాలున్న క్యానును ఒంటికి ఆనించి పట్టుకొని చూడండి, తర్వాత చెయ్యి చాచి పట్టుకొని చూడండి. బరువు మారలేదు, కాని ఎంతసేపు పట్టగలరు? తల భుజాల మీద నిటారుగా వున్నంతవరకు మెడకు శ్రమ తక్కువ. తెరలోకి చూడడానికి ముందుకు చాచినప్పుడు ఆ బరువును వెనక నుంచి లాగి పట్టవలసింది మెడ కండరాలే. మా కేంద్రంలో తెర ఒక మూల, కాటా ఇంకొక మూల. 80 మంది పాలు పోస్తే రెండు పూటలకు 160 చీటీలు. చీటీకి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరిగినా రోజుకు 320 సార్లు. అన్నీ భుజాలు ఎత్తుకొనే.

ఇది కొత్త రోగమేమీ కాదు. ఇటలీ వైద్యుడు రమజ్జీని వృత్తుల వల్ల వచ్చే వ్యాధుల మీద తాను రాసిన గ్రంథాన్ని 1713లో పెంచి ప్రచురించినప్పుడు రాతగాళ్ళ మీద ఒక అధ్యాయం చేర్చాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరున ఆడడం, తప్పు పోకూడదన్న మనసు బిగువు, ఈ మూడూ వారిని బాధిస్తున్నాయన్నాడు. మన కార్యదర్శుల సంగతి చూసి రాసినట్లే వుంది.

మొదట చేయవలసింది ఎత్తుల సవరణ. కొలబద్ద అక్కరలేదు. కూర్చొని భుజాలు వదులుగా జారవిడిచి, మోచేతులు పక్కలకు ఆనించి, ముంజేతులు ముందుకు మడవండి. అరచేతులు ఎక్కడ వున్నాయో కీబోర్డు అక్కడ వుండాలి. చాలామందికి అది నేలనుంచి రెండడుగులు దాటి రెండు మూడంగుళాల వరకు వస్తుంది. బల్ల కోయించడం కుదరకపోతే సీటు ఎత్తు పెంచండి. అయితే సీటు పెంచితే కాళ్ళు వేలాడతాయి, తొడల కింద ఒత్తుకొంటుంది. కాళ్ళ కింద ఏదైనా పెట్టాలి. మార్కాపురం పలకరాయికి మనకేం కొదవ? నాలుగు బండలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే సరిపోతుంది. కుర్చీకి వీపు ఆనుకొనే పలక వుండాలి. స్టూలు పనికిరాదు.

తరువాత తెర. అది కూర్చొన్న మనిషికి ఎదురుగా, చెయ్యి చాచినంత దూరంలో వుండాలి. తెర పై అంచు కంటికి సమానంగానో, ఒక పిసరు కిందుగానో వుంటే చాలు. రెండు అద్దాల కళ్ళజోడు వాడే పెద్ద కార్యదర్శుల విషయంలో దీనికి మినహాయింపు వుంది. వారు కింది అద్దంలోనుంచి చూడడానికి గడ్డం పైకెత్తి మెడ వెనక్కు విరుస్తారు. వారికి తెరను ఇంకా దించాలి. లేదా తెర దూరానికి సరిపోయే వేరే కళ్ళజోడు చేయించాలి. కళ్ళజోడు వల్ల మెడనొప్పి వస్తుందని చాలామందికి తట్టదు. మా దగ్గర ఒకాయన మూడేళ్ళు తైలాలు రాసుకొని చివరకు కళ్ళజోడు మార్చుకొని బాగుపడ్డాడు.

కీబోర్డును బల్ల అంచునే పెట్టవద్దు. నాలుగైదంగుళాలు లోపలికి జరిపితే ముంజేతులు బల్లమీద ఆనుతాయి. ఆ ఆనుదల చిన్న విషయం కాదు. అమెరికాలో టెలిఫోను, కంప్యూటరు కలిపి పనిచేసే 182 మంది మీద ఏడాదిపాటు జరిపిన పరీక్ష ఫలితాలు 2006లో ప్రచురించారు. ముంజేతులకు ఆనుదలగా బల్లకు వెడల్పాటి పలక బిగించినవారికి మెడ, భుజాల బాధ తగ్గింది. మనకు పలక బిగించే అవసరం కూడా లేదు, స్థలం వదిలితే చాలు. మౌసు వాడేవారు దానిని కీబోర్డు పక్కనే పెట్టుకోవాలి. చెయ్యి చాచి అందుకొనే చోట వుంటే ఆ భుజం పని పట్టినట్లే.

ఇక ఎంత మంచి కుర్చీ వేసినా ఒకే భంగిమలో గంటన్నర కూర్చొంటే లాభం లేదు. పాలు పోసే వేళ లేవడానికి తీరదని మా అమ్మాయి చెప్పింది. నిజమే, వరుసలో ముప్పై మంది వుంటే ఎవరు లేవనిస్తారు? మేము ఒక పద్ధతి పెట్టుకొన్నాం. పదిమంది పాలు కాగానే పెద్ద క్యాను నిండిందో లేదో చూడడానికి ఆమె లేచి నాలుగడుగులు వేస్తుంది. పదకొండో మనిషి అర నిమిషం ఆగాలి. ఆ అర నిమిషంలో భుజాలు పైకెత్తి ఒక్కసారిగా జారవిడవడం, వెనక్కు గుండ్రంగా తిప్పడం, తలను నిదానంగా కుడికీ ఎడమకూ తిప్పడం చేస్తుంది. చీటీ ముద్రణ అయ్యే క్షణాలలో చేతులు ఒడిలో పెట్టుకోమన్నాం. మొదట్లో మరిచిపోయేది. ప్రింటరు చప్పుడే గుర్తు అనుకొన్నాక అలవాటైంది.

ఇక్కడ సభ్యులతో ఒక మాట. బల్లమీదికి వంగి, తెరలోకి తొంగిచూసి, "నాది ముందు కొట్టమ్మా, బస్సు పోతది" అని తొందరపెడితే ఆ మనిషి భుజాలు ఇంకాస్త లేస్తాయి. భయపడినప్పుడు, తొందరపడినప్పుడు మెడ బిగుసుకోవడం శరీర ధర్మం. సభ్యుల వైపు ఒక చిన్న తెర తిప్పి పెడితే తూకం, వెన్న శాతం ఎవరికి వారే చూసుకొంటారు, ఆమె మీద వాలవలసిన పని వుండదు. బల్లకు మూడడుగుల దూరంలో ఒక గీత గీయండి.

మన కేంద్రాలలో పనిచేసేవారు పట్నంలో ఆఫీసు ఉద్యోగుల వంటివారు కారన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఈ అమ్మాయి తెల్లవారుజామున రెండు బర్రెల పాలు పితికి, నీళ్ళు మోసి, కేంద్రానికి వచ్చేది. మధ్యాహ్నం చేనునుంచి పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకొని తెచ్చేది. కీబోర్డు నొప్పికి మోపు తోడైతే మెడ ఎప్పుడు కోలుకొంటుంది? నొప్పి వున్న నాలుగు వారాలు మోపు ఇంకొకరు మోయాలని ఆమె అత్తగారితో మాట్లాడాం. ఆమె మంచి మనిషి. "నాకు తెలియక మోయించానయ్యా" అన్నది. రాత్రి పడుకొని ఫోను గుండెమీద పెట్టుకొని తలవంచి చూడడం కూడా మెడకు కీబోర్డు పనిలాంటిదే. దానికి అత్తగారిని అనడానికి లేదు.

అన్నీ సవరించినా బలహీనపడిన కండరానికి బలం రావాలి. ఈ విషయంలో డెన్మార్కు దేశంలో జరిగిన ఒక పరీక్ష మనకు పనికివస్తుంది. మెడ, భుజాల నొప్పితో వున్న 198 మంది కార్యాలయ ఉద్యోగులను తీసుకొన్నారు. కొందరికి రోజుకు 2 నిమిషాలు, కొందరికి 12 నిమిషాలు, వారానికి 5 రోజులు, 10 వారాలపాటు రబ్బరు గొట్టంతో వ్యాయామం చేయించారు. మిగతావారికి వ్యాయామం లేదు. 2011లో వెల్లడైన ఫలితం ప్రకారం రెండు నిమిషాలు చేసినవారికి కూడా నొప్పి చెప్పుకోదగినంత తగ్గింది. ఇంటిలో పాత సైకిలు ట్యూబు వుంటే దానిని కోసి అలాగే వాడవచ్చు. నడుమ కాళ్ళతో తొక్కి, రెండు కొసలు రెండు చేతులతో పట్టుకొని, మోచేతులు కొద్దిగా వంచి, చేతులను పక్కలకు భుజాల ఎత్తువరకు లేపాలి, నిదానంగా దించాలి. చెవుల వైపుకు భుజాలు లేవకూడదు. మొదటి వారం తేలికగా, తర్వాత ట్యూబును కురచగా పట్టుకొని. కండరం కొద్దిగా నొచ్చడం మామూలే. నొప్పి చెయ్యి కిందికి పాకితే ఆపాలి.

చేయకూడనివి కొన్ని వున్నాయి. క్షౌరశాలలో మెడ పట్టుకొని టక్కుమని విరిపించుకోవడం మన ప్రాంతంలో చాలామందికి ఇష్టం. మెడ ఎముకల పక్కగా మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు వున్నాయి. అరుదుగానే అయినా, ఆ విరుపుతో అవి చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య గ్రంథాలలో వున్నాయి. ఆ సరదా మానుకోవడం మేలు. వేడి ఇసుక మూటతో కాపడం పెట్టుకోండి, హాయిగా వుంటుంది, హాని లేదు. మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని నెలల తరబడి మింగితే కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు చెడతాయి. మెడపట్టీని వైద్యుడు చెప్పకుండా వారాల తరబడి కట్టుకొంటే కండరం ఇంకా సోమరి అవుతుంది.

పశ్చిమ ప్రకాశంలో వున్నవారికి ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. మన దగ్గర మెడ బిగుసుకొన్నదంటే నేరం కంప్యూటరుదే కాకపోవచ్చు. నీళ్ళది కావచ్చు. ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని షార్ట్ మొదలైన వైద్యులు 1937లో వివరించినది అప్పటి నెల్లూరు జిల్లాలోని రోగులను చూసే. 1970లో మన జిల్లా ఏర్పడక ముందు పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు ఆ జిల్లాలోనివే. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటె ఎక్కువ ఫ్లోరైడు వుండకూడదు. ఆ నీరు ఏళ్ళ తరబడి తాగిన గొడ్లకు కూడా పళ్ళమీద గార, కుంటు వస్తాయని పశువైద్యులకు తెలుసు.

ఇంటి దగ్గరే చేసుకోదగిన మూడు పరీక్షలు వున్నాయి. గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలరా? మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు అందుకోగలరా? రెండు చేతులూ పక్కలకు చాచి, మడిచి, తల వెనక ఆనించగలరా? కీబోర్డు నొప్పి వున్నవారు నొప్పితోనైనా వీటిని చేయగలుగుతారు, సెలవు రోజుల్లో కాస్త తేలికపడతారు. ఎముకే బిగిసినవారికి అవి సాధ్యం కావు, విశ్రాంతితో తేడా రాదు. అలాంటివారు తాగే నీటిని పరీక్ష చేయించి, ప్రభుత్వ వైద్యశాలలో చూపించుకోవాలి. చేతి తిమ్మిరి, పట్టు సడలడం, నడకలో తూలడం, జ్వరంతో కూడిన మెడనొప్పి వుంటే ఇంటివైద్యం కూడదు. ఎడమ భుజం నొప్పితోపాటు చెమటలు, గుండె బరువు వుంటే అది మెడ సంగతి కాదు, వెంటనే ఆసుపత్రికి పోవలసిన సంగతి.

మా అమ్మాయి మూడు పరీక్షలూ చేసింది. నొప్పి కండరాలదే. పాలకవర్గం సమావేశంలో బల్ల విషయం పెట్టినప్పుడు ఒకరిద్దరు "ఆమెకు ప్రత్యేకంగా కుర్చీనా?" అన్నారు. రెండుసార్లు ఖాతాలు తారుమారై సరిచేయడానికి పట్టిన రోజులు, పడిన మాటలు గుర్తుచేశాను. తీర్మానం అయింది. వూరి వడ్రంగి చేత తక్కువ ఎత్తు బల్ల చేయించాం. వీపు పలక వున్న కుర్చీ ఒకటి పొదిలిలో కొన్నాం. అనలైజరు కుడివైపుకు, తెర ఎదురుగా, కాటా ముఖం తిప్పితే కనిపించేంత దగ్గరకు వచ్చాయి. గొట్టం ఒక మూర పెంచవలసి వచ్చింది. అంతే ఖర్చు.

నొప్పి ఒక్క రోజులో పోలేదు. మొదటి నెలలో సాయంత్రం తలనొప్పి తగ్గింది. భుజం పట్టు వదలడానికి మూడు నెలలు పట్టింది. పంట కోతల రోజుల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపిస్తుందని చెప్పింది. రాజీనామా కాగితం వెనకవైపు పాల డబ్బుల లెక్క వేసింది, నాకు చూపించి నవ్వింది. పాత పరీక్ష బల్ల గోడవారగా అలాగే వుంది. దానిమీద రిజిస్టరు పెట్టుకొని నిలబడి రాస్తున్నది.